మూడు తాళాలు

పోయిన ఎండకాలం మా అన్న కొడుకు ఫోన్ చేశాడు.

"చిన్నాయినా, గడి బాగుచేయించాలని ఊరంత సంతకాలు పెడుతున్నరు. పైసలు సర్కారిస్తదట. అండ్ల లైబ్రరీ పెడ్తరట, పంచాయతీ ఆఫీసు గూడ అండ్లకే మారుస్తరట. నువ్వు రిటైరయిన సారువు గదా, మన వాడ దిక్కుకెళ్లి నీ సంతకం ముందుగాల ఉండాలంటున్నరు పెద్దమనుషులు."

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు. "రేపు జెప్తరా" అని ఫోన్ పెట్టేశాను. ఆ రేపు రావడానికి ఇరవై రోజులు పట్టింది. ఇది ఆ ఇరవై రోజుల లెక్క.

ఇందులో అంత ఆలోచించడానికేముంది అన్నారు ఒకరిద్దరు మిత్రులు. ఇల్లు ఖాళీగా పడి ఉంది, పిల్లలకు చదువుకునే జాగ లేదు, సర్కారు సొమ్ము వచ్చేటట్టుంది. ఆకలైనవాడు గిన్నె ఎవరిదని అడుగుతాడా అన్నారు. మేం అడుగుతాం. గిన్నె ఎవరిదని అడగడం మాకు ఈ దేశమే నేర్పింది. హోటల్లో మా గ్లాసు వేరే పెట్టి నేర్పింది. బాయి గిరక మీద మా చెయ్యి పడకుండా చూసి నేర్పింది. ఇప్పుడు ఖాళీ ఇల్లు చూపించి, ఎవరిదని అడగొద్దంటే ఎట్లా?

మా ఊరు పాత కరీంనగర్ జిల్లాలో, జగిత్యాల దిక్కు. ఊరి నడుమ ఎత్తు మీద గడి. రెండు నిలువుల ప్రహరీ గోడ. ఏనుగు దూరేంత దర్వాజ. లోపల అర్రలు, గరిసెలు, గుర్రపు కొట్టం. మా తాత పడుచువాడిగా ఉన్నప్పుడు కట్టారు దాన్ని. కూలి లేదు. వెట్టి. ఇంటికొక మనిషి పోవాలి. వడ్డెరోళ్లు రాయి కొట్టాలి, కుమ్మరోళ్లు గూనపెంక చెయ్యాలి, చాకలోళ్లు నీళ్లు మోయాలి. మాదిగోళ్లు అన్నీ మోయాలి. మా తాత వంతుకు సున్నం వచ్చింది. గానుగలో డంగు సున్నం నూరడం, తట్టలకెత్తడం.

ఆ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లట, గోడ గట్టిపడాలని. బెల్లం కుండ దగ్గర ఒక మనిషి కట్టె పట్టుకొని కూర్చునేవాడు. వెట్టోళ్ల పిల్లగాండ్లు కుండలో వేలు పెట్టకుండా. మా తాత ఈ మాట చెప్పినప్పుడల్లా నవ్వేవాడు. "గోడ తిన్నది బెల్లం, మేం దినలే" అనేవాడు. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. నలభై ఏండ్లు పాఠాలు చెప్పినా అట్లాంటి వాక్యం ఒక్కటి నేను చెప్పలేకపోయాను.

ఆయన అరచేతులు సున్నం తిన్న చేతులు. గీతలు లేవు. ముసలితనంలో పింఛను కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే నల్లటి మచ్చ పడింది గానీ ముద్ర పడలేదు. ఆ కాగితం తీసుకున్నాయన "ఇది ముద్ర గాదు, ఇంకొకటెయ్యి" అన్నాడు. మా తాత మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ మచ్చే. ఆయన వేలిముద్ర ఎక్కడ పోయిందో నాకు తెలుసు. ఆ గడి గోడలో ఉంది.

మా అవ్వ ఈ ఊరికి కోడలిగా వచ్చింది 1954లో. వచ్చిన మూడో రోజు నుంచే గడి వాకిలి ఊడ్చే వంతు పడింది. రాజ్యాంగం అమలుకొచ్చింది 1950లో. అందులో 23వ అధికరణం వెట్టిచాకిరిని నిషేధించింది. అంటే నాలుగేండ్ల కిందనే నేరమైపోయిన పనికి మా అవ్వ చీపురు పట్టుకొని పోయింది. ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పాల్సినవాళ్లంతా గడిలోనే భోంచేసేవాళ్లు. ఇరవై నాలుగేండ్లు ఊడ్చింది. పెద్ద దర్వాజ నుంచి ఒక్కనాడు లోపలికి పోలేదు. దొడ్డి దర్వాజ నుంచి పోవాలి, చెప్పులు విడిచి పోవాలి, వంగి పోవాలి.

మరి ఆ గడి ఖాళీ ఎట్లా అయింది? సంతకాల కాగితం మీద "చాలా కాలంగా నిరుపయోగంగా ఉన్న చారిత్రక భవనం" అని రాశారు. నన్ను నిద్రపోనియ్యనిది ఆ వాక్యమే. నిరుపయోగంగా ఉంది అంటే దానంతటదే అయినట్టు. చెట్టు ఎండినట్టు, చెరువు ఇంకినట్టు. గడి దానంతటది ఖాళీ కాలేదు. మేం ఖాళీ చేశాం.

ఒకసారి కాదు, రెండుసార్లు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు ఒరిగిన తర్వాత సాయుధ పోరాటం పల్లె పల్లెకూ పాకింది. ఎంతోమంది దొరలు గడులు విడిచి పట్నాలకు పారిపోయారు. మా ఊరి దొర కూడా పోయాడు. కానీ 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం పోయాక ఏమైంది? పోయినవాళ్లు ఖద్దరు టోపీలు పెట్టుకొని తిరిగొచ్చారు. అదే గడి, అదే దర్వాజ, అదే దొర. టోపీ ఒక్కటే కొత్తది. ఖాళీ అయిన ఇంటిని మళ్లీ నింపడమంటే ఏమిటో మా తాత తరం ఒకసారి చూసింది. అందుకే "పునరుద్ధరణ" అనే మాట వింటే నాకు ముందు టోపీ గుర్తొస్తుంది.

రెండోసారి 1978. ఆ ఏడు సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీలు చేసిన జైత్రయాత్రకు మా వాడ నుంచి మా బాపు పోయాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. తర్వాత దొరను ఊరు వెలివేసింది. చాకలి బట్టలు ముట్టలేదు, మంగలి గడ్డం గీయలేదు, జీతగాండ్లు పశువుల్ని విప్పలేదు. వెలి అంటే ఏమిటో వెయ్యేండ్లుగా తెలిసినవాళ్లం మేం. మొదటిసారి అది అవతలివాడికి తెలిసింది. అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు క్యాంపులు వచ్చాయి. మా బాపు వీపు మీద లాఠీ వాతలు నేను చూశాను. అయినా దొర నిలవలేదు. ఒక రాత్రి బండ్లు కట్టించుకొని పోయాడు. పెద్ద దర్వాజకు తాళం పడింది.

ఆ తాళం మా తరం గెలుపు. మా ఊరికి మాలమాదిగలు, బీసీలు కలిసి కట్టుకున్న స్మారక చిహ్నం ఏదన్నా ఉందంటే ఆ తుప్పుపట్టిన తాళమే. దాన్ని తీసి, గోడలకు సున్నమేసి, "మన ఊరి వారసత్వం" అని బోర్డు పెడితే ఆ గెలుపు ఎక్కడికి పోతుంది?

ఇది మొదటి తాళం. రెండోది మా వాడలో ఉంది.

1996లో మా కాలనీకి కమ్యూనిటీ హాలు వచ్చింది. రెండు గుంటల జాగ, ఒక పెద్ద గది, ముందు వరండా, గోడకు నల్లరాతి పలక. పలక మీద పదకొండు పేర్లు. అందులో మా వాడ మనిషి పేరు ఒక్కటి లేదు. కాంట్రాక్టు మాది కాదు, ఇసుక మాది కాదు, లాభం మాది కాదు. కూలి మాత్రం మాది. ప్రారంభం రోజు డప్పు మాది. ప్రారంభం కాగానే తాళంచెవి మాత్రం పటేలు ఇంటికి పోయింది. 1984లోనే పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది కదా అంటారేమో. కాగితం మీద రద్దయింది. పిలుపులో రద్దు కాలేదు, తాళంచెవి దగ్గర రద్దు కాలేదు.

పెళ్లికి హాలు కావాలంటే పటేలు ఇంటి ముందు నిలబడాలి. అంబేడ్కర్ జయంతికి కావాలంటే, "మొన్ననే గద కడిగిచ్చిన, ఖరాబు చేస్తరు" అనేవాడు. రెండేండ్లు అడిగి మావాళ్లు అడగడం మానేశారు. హాల్లో గడ్డి మోపులు పడ్డాయి, యూరియా బస్తాలు పడ్డాయి. ఎలక్షనప్పుడు పోలింగు పెట్టెలు వచ్చేవి. ఐదేండ్లకోసారి ఓటెయ్యడానికి మా హాల్లోకి మేం పోయేవాళ్లం. స్లాబు కారడం మొదలైంది. కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. బాగుచేయించమని మా అన్న కొడుకు, వాని దోస్తులు దరఖాస్తు పట్టుకొని ఒక ఆఫీసుకు పోతే, "కొత్తది కట్టడానికైతే చూస్తం, పాతదాని మరమ్మతుకు పద్దు లేదు" అన్నారట.

చూడండి. దొర ఇల్లు పడిపోతే వారసత్వం. మా హాలు పడిపోతే శిథిలం. దొర ఇంటికి మరమ్మతు ఉంది, మా ఇంటికి లేదు. షెడ్యూల్డు కులాల ఉపప్రణాళికకు 2013లో చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. మా వాటా మాకే ఖర్చు కావాలని ఎన్నో ఏండ్లు కొట్లాడితే వచ్చిన చట్టాలు. కానీ సొమ్ము ఎంత వచ్చిందని అడగడం నేర్చుకున్నంతగా, ఆ సొమ్ముతో లేచిన గోడకు తాళం ఎవరు వేశారని అడగడం మనం నేర్చుకోలేదు.

ఇక వాదనలోకి వస్తాను.

మాలో కొందరు అన్నారు: గడి పడిపోనియ్యాలె, ప్రతి వానకు ఒక గోడ కూలుతుంటే కండ్లార చూడాలె. నాకూ మొదట ఈ మాటే నచ్చింది. కానీ గోడ కూలితే ఎవరికి లాభం? గడి ఇప్పటికీ దొర వారసుల పేరు మీదే ఉంది. కూలిన గడి మూడెకరాల ప్లాట్లు అవుతుంది. ఊరి నడుమ జాగ, గజాల లెక్కన అమ్ముతారు. పైగా ఆ గోడ కూలితే మా తాత వేలిముద్ర కూడా కూలుతుంది. నేరం జరిగిన చోటును చెరిపెయ్యడం వల్ల నేరం చేసినవాడికే మేలు. వెట్టి అంటే ఏమిటని రేపు మా మనవరాలు అడిగితే చూపించడానికి నా దగ్గర ఏముంటుంది? ఆ గోడ మాకు జరిగినదానికి సాక్ష్యం. సాక్షిని చంపుకోకూడదు.

ఇంకొందరు అన్నారు: వాడకం ముఖ్యం, ఎవరు కట్టారన్నది పాత కథ. వనపర్తి సంస్థానం రాజమహలులో పాలిటెక్నిక్ పెట్టలేదా? గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ నడవలేదా? మన పిల్లలే అక్కడ చదువుకోలేదా? నిజమే. రాజుగారి మహలులో మాదిగ పిల్లగాడు బెంచీ మీద కూర్చొని డ్రాయింగు గీస్తే అది చిన్న సంగతి కాదు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ అక్కడ కూర్చోవడానికి వాడికి హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? గోడ నుంచి రాలేదు. రాజుగారి దయ నుంచి రాలేదు. అది సర్కారు కాలేజీ అయింది కాబట్టి వచ్చింది.

ఇక్కడే నాకు మహాడ్ గుర్తొచ్చింది. 1923లో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టి నెగ్గించారు. ప్రజల సొమ్ముతో కట్టిన, ప్రజల సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, ధర్మశాలలు అంటరానివాళ్లకు కూడా తెరవాలని. మహాడ్ మున్సిపాలిటీ 1924లో చౌదార్ చెరువు తెరిచామని కాగితం మీద రాసింది. చెరువు మాత్రం తెరుచుకోలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి పోయి ఆ నీళ్లు తాగారు. సవర్ణులు కర్రలతో కొట్టారు, చెరువును శుద్ధి చేశామన్నారు. తర్వాత కోర్టుకెక్కి ఏమన్నారో తెలుసా? ఆ చెరువు సర్కారుది కాదు, మా సొంత ఆస్తి అన్నారు. పదేండ్లు నడిచింది ఆ వ్యాజ్యం. 1937లో హైకోర్టు వాళ్ల మాట కొట్టేసింది.

ఈ కథలో మనకు కావల్సినది ఒకటుంది. ప్రజల సొమ్ము అనేది ఉత్త సొమ్ము కాదు. అది పడిన చోట అందరి అడుగూ పడాలి. రాజ్యాంగం 15వ అధికరణంలో ఈ మాట అక్షరాలా ఉంది. పూర్తిగానో కొంతగానో రాజ్యం నిధులతో నిర్వహించే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే చోట్లు, వీటిలోకి రాకుండా కులం పేరుతో ఎవరినీ ఆపరాదు. కొంతగానో అన్న మాట గమనించండి. ఒక్క రూపాయి పడినా చాలు.

ఆ రూపాయి ఎవరిది? సర్కారు ఇస్తుంది, సర్కారు ఇస్తుంది అంటారు. మా అవ్వ కొనే సబ్బు మీద పన్నుంది. అగ్గిపెట్టె మీద పన్నుంది. మా వాడ పిల్లగాండ్లు ఫోనులో వేయించుకునే రీఛార్జి మీద పన్నుంది. గడి కట్టిన నాడు మా తాత ఒళ్లు తీసుకున్నారు. గడి బాగుచేసే నాడు మా అవ్వ పైసలు తీసుకుంటారు. ఒకే గోడకు మేం రెండుసార్లు కడుతున్నాం. రెండుసార్లు కట్టినవాళ్లం దర్వాజ బయట నిలబడతామా?

కాబట్టి నా ప్రశ్న మారింది. ఖాళీ ఇంటికి సర్కారు సొమ్ము పెట్టాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ సొమ్ము పెట్టాక తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్నది ప్రశ్న. గోడ నిలబెట్టడం మేస్త్రీ పని. తాళంచెవి ఎవరి చేతికి పోవాలన్నది న్యాయం పని.

ఇట్లా అనుకొని చాలా సంతోషపడ్డాను. సంతకం పెట్టడానికి షరతులు రాసుకుందామని కాగితం తీశాను. అప్పుడు మా అవ్వ ఒక మాట అన్నది. ఆమెకు ఎనభై దాటాయి. మా దగ్గర పట్నంలోనే ఉంటుంది.

"గడి తాళం గురించి గంత రాస్తున్నవ్, మనింటి తాళం తీసి ఎన్నొద్దులాయె కొడుకా?"

నా కలం ఆగిపోయింది.

మూడో తాళం నా జేబులో ఉంది. మా వాడలో మా బాపు కట్టిన రెండర్రల పెంకుటిల్లు. నేను ఉద్యోగం వచ్చి పోయాను, మా తమ్ముడు గల్ఫ్‌కు పోయాడు, మా బాపు కాలం చేశాక అవ్వను తీసుకొచ్చుకున్నాను. పదకొండేండ్లుగా ఆ ఇంటికి తాళం. పెద్దల పండుగకు పోయి, తీసి, దీపం పెట్టి, మళ్లీ వేసి వస్తాను. నా ఒక్కనిదే కాదు. మా వాడలో చదువుకొని ఉద్యోగాలకెక్కిన ఏడు కుటుంబాలవీ అట్లాంటి తాళాలే. పొద్దుగూకితే ఆ ఏడిండ్లు చీకటిగా ఉంటాయి.

దొర పోయిందీ పట్నమే. నేను పోయిందీ పట్నమే. వాణ్ని ఊరు వెళ్లగొట్టింది, నేను బతకపోయాను, రెండూ ఒకటి కావు. పల్లె మనవాళ్లకు స్వర్గం కాదని, దాన్ని గణతంత్రమని పొగిడేవాళ్లను నమ్మవద్దని 1948 నవంబర్‌లో రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పినదే నేను చేశాను. పల్లె విడవడం తప్పు కాదు. తాళం వేసి విడవడం గురించి మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. బయట నుంచి చూసేవాడికి తాళం తాళమే. రాత్రి వీధి దీపం కింద పుస్తకం పట్టుకొని కూర్చున్న మా అన్న కొడుక్కి, గడి తాళానికీ చిన్నాయిన తాళానికీ తేడా ఏమిటి? వాడు కానిస్టేబుల్ పరీక్షకు రెండుసార్లు రాశాడు. రేకుల ఇంట్లో ఐదుగురు పడుకుంటే లైటు వేసుకునే వీలు లేదు. వాడికి కావాల్సింది వారసత్వం కాదు. ఒక బల్ల, ఒక లైటు, నాలుగు గంటల నిశ్శబ్దం. నేను ఇరవై రోజులు నీతి ఆలోచిస్తుంటే వాడికి ఇరవై రాత్రులు పోయాయి.

మరుసటి ఆదివారం ఊరికి పోయాను. మా ఇంటి తాళం తీసి చెవి వాని చేతిలో పెట్టాను. ఒక అర్ర చదువుకునేవాళ్లకు, ఇంకో అర్రలో మా అవ్వ సామాను. కరెంటు బిల్లు నేను కడతానన్నాను. దీన్ని దానమని ఎవరూ రాయొద్దు. ఆలస్యంగా కట్టిన బాకీ ఇది.

తర్వాత గడి కాగితం మీద సంతకం పెట్టాను. పెట్టి, కింద నాలుగు మాటలు రాశాను. గడి ముందు పంచాయతీ పేరు మీదకు రావాలి, ఆ తర్వాతే దాని మీద ఒక్క పైస పెట్టాలి. దొర వారసుల ఆస్తి విలువ పెంచడానికి మా పన్ను పనికిరాదు. గడి బాగయ్యే లోపే కాలనీ హాలు కూడా బాగు కావాలి, రెండు పనులూ ఒకే తీర్మానంలో ఉండాలి. రెంటి తాళంచెవులు మా వాడ ఆడవాళ్ల సంఘం దగ్గర కూడా ఒక్కొక్కటి ఉండాలి. పెద్ద దర్వాజ పక్కన రాతి పలక పెట్టాలి, ఈ గడిని వెట్టితో కట్టిన కులాల పేర్లు, గుర్తున్న మనుషుల పేర్లు దాని మీద చెక్కాలి. మంత్రి పేరు దాని కింద ఉంటే ఉండనీ.

మొదటి మూడింటికి పెద్దమనుషులు తల ఊపారు. నాలుగో మాట దగ్గర ఆగారు. "అవన్ని ఇప్పుడెందుకు సారూ, పాత గాయాలు గెలుకుడు. ఊరు కలిసున్నది గద" అన్నారు. సున్నం పెట్టొచ్చు, లైబ్రరీ పెట్టొచ్చు, మమ్మల్ని లోపల కూర్చోబెట్టనూ వచ్చు. మా తాత పేరు మాత్రం రాయొద్దు. అంటే వాళ్లకు కూడా తెలుసు అసలు తాళం ఎక్కడుందో.

కాగితం ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. పైకి పోలేదు. నా సంతకం కొట్టేసి పంపుతారో, నాలుగో మాట ఒప్పుకొని పంపుతారో తెలియదు. ఒప్పుకోకపోతే గడి బాగుచేయడానికి మేం అడ్డం పడ్డామని ఊరు అంటుంది. అననీ. హాలు తాళం మాత్రం మా పిల్లగాండ్లు ఆగలేదు. పోయిన ఏప్రిల్ 14న పటేలు ఇంటికి పోయి నిలబడి అడగకుండా, పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితమిచ్చి, పాత తాళం తీసి కొత్తది వేశారు. స్లాబు ఇంకా కారుతూనే ఉంది.

చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ మీ ఊళ్లకు పోయినప్పుడు ఒక లెక్క తియ్యండి. ఎన్ని ఇండ్లు ఖాళీగా ఉన్నాయో రాసుకోండి. సర్కారు కట్టినవెన్ని, దొరలవెన్ని, మనవెన్ని. ఒక్కొక్కటి ఎవరు ఖాళీ చేశారో, ఎందుకు ఖాళీ అయిందో మీ ముసలవ్వలను అడగండి. తర్వాత తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రాయండి. చివర మీ జేబు కూడా ఒకసారి తడుముకోండి.